ఆస్ట్రేలియా వైనరీలో ఒక సీజన్ పని, సెలవు రోజుల్లో తిరుగుడు: బరోస్సా వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వీసా ఏది, పని ఎప్పుడు వెతకాలి, వైనరీలో అసలు ఏం చేయిస్తారు, వారాంతాల్లో ఎక్కడికి వెళ్లి రావచ్చు అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోస్సా లోయనే ఉదాహరణగా తీసుకున్నాం. అడిలైడ్ నుంచి ఈశాన్యంగా కారులో సుమారు గంట ప్రయాణం. టనుండా, నురియూట్పా, ఆంగస్టన్ అక్కడి ప్రధాన ఊళ్లు. ద్రాక్ష కోసి వైన్ చేసే సీజన్‌ను అక్కడ ‘వింటేజ్’ అంటారు. మామూలుగా ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఎండలు ముదిరిన ఏడాది జనవరి చివరనే మొదలవ్వచ్చు.

## 1. ముందు ఇవి తేల్చుకోండి

వింటేజ్ పనిలో ఎక్కువ భాగం కడగడమే. ట్యాంకులు, గొట్టాలు, పంపులు, రసం పిండే ప్రెస్సు, నేల కడుగుతూనే ఉండాలి. పెద్ద వైనరీల్లో పగలు, రాత్రి రెండు షిఫ్టులు నడుస్తాయి. సీజన్ మధ్యలో పన్నెండు గంటల షిఫ్టులు, వారానికి ఆరు రోజుల పని మామూలే.

‘వీకెండ్’ అంటే శని, ఆదివారాలు అనుకుని వెళ్తే నిరాశ తప్పదు. మీ సెలవు మంగళవారం రావచ్చు, వచ్చే వారం గురువారానికి మారవచ్చు. ద్రాక్ష పక్వానికి వస్తే కోత ఆగదు, పులుస్తున్న ట్యాంకుకు ఆదివారమని తెలియదు. అందుకే తిరుగుడు ప్లాన్ క్యాలెండర్ చూసి కాదు, రోస్టర్ (షిఫ్టుల పట్టిక) చూసి వేసుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేటట్టయితే ఇది గుర్తుంచుకోండి.

మద్యం ముట్టనివాళ్లు ఈ పని చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. చేయవచ్చు. సెల్లార్ (వైన్ తయారయ్యే చోటు) పనిలో రుచి చూడటం తప్పనిసరి కాదు, చూసేవాళ్లు కూడా ఉమ్మేస్తారు. ఆస్తమా ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. వైనరీలో వాడే సల్ఫర్ డయాక్సైడ్ దాన్ని రేపుతుంది.

## 2. వీసా: ఏ దారిలో వెళ్లినా నిబంధన తెలియాలి

వర్క్ అండ్ హాలిడే వీసా (సబ్‌క్లాస్ 462). భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2024 నుంచి ఈ దారి తెరుచుకుంది. ఏడాదికి 1,000 మందికి మాత్రమే. ఎంపిక బ్యాలెట్ ద్వారా, అంటే లాటరీ. అర్హతలు ఇవి:

- దరఖాస్తు నాటికి 18 నుంచి 30 ఏళ్ల వయసు
- ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు పూర్తయి ఉండాలి
- నిర్ణీత స్థాయి ఇంగ్లీషుకు రుజువు
- ఖర్చులకు సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, దాంతోపాటు తిరుగు ప్రయాణానికి డబ్బు
- పిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు

బ్యాలెట్‌లో పేరు నమోదుకు 25 డాలర్లు. ఇమ్మి‌అకౌంట్ (ఆస్ట్రేలియా వీసాల ఆన్‌లైన్ ఖాతా) తెరిచి ఎవరికి వాళ్లే చేసుకోవచ్చు. నమోదు తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఆస్ట్రేలియా హోమ్ అఫైర్స్ సైటే చూడాలి. పేరు వచ్చాక అసలు దరఖాస్తుకు గడువు తక్కువగా ఉంటుంది. డిగ్రీ సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంగ్లీషు పరీక్ష ఫలితం ముందే చేతిలో ఉంచుకోండి.

ఈ వీసాకు ఏ యజమానీ స్పాన్సర్ చేయనక్కర్లేదు, ఆఫర్ లెటర్ కూడా అక్కర్లేదు. ‘బ్యాలెట్‌లో సీటు ఇప్పిస్తాం’, ‘వైనరీ లెటర్ ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు’ అన్నవాళ్లు మోసగాళ్లే. మామూలుగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పనిచేయకూడదన్న షరతు ఉంది. వింటేజ్ ఎనిమిది నుంచి పన్నెండు వారాలే కాబట్టి దానితో చిక్కు రాదు.

రెండో ఏడాది వీసా కావాలంటే నిర్దేశించిన ప్రాంతాల్లో, నిర్దేశించిన పనులు మూడు నెలలు చేయాలి. ద్రాక్షకోత, తీగల కత్తిరింపు ఆ జాబితాలో ఉన్నాయి. సందర్శకులకు వైన్ రుచి చూపించే ‘సెల్లార్ డోర్’ పని లెక్కలోకి రాదు. మీ ఉద్యోగం ఏ కోవలోకి వస్తుందో చేరకముందే చూసుకోండి, పని జరిగే చోటు పోస్ట్‌కోడ్ జాబితాలో ఉందో లేదో కూడా సరిపోల్చుకోండి. పేస్లిప్పులన్నీ దాచుకోండి.

స్టూడెంట్ వీసా. తరగతులు నడుస్తున్నప్పుడు పద్నాలుగు రోజులకు 48 గంటలే పని. అధికారిక సెలవుల్లో ఈ పరిమితి లేదు. చిక్కు ఎక్కడంటే, చాలా విశ్వవిద్యాలయాల్లో మొదటి సెమిస్టర్ ఫిబ్రవరి చివర్లో మొదలవుతుంది, వింటేజ్ ఊపందుకునేదీ అప్పుడే. పన్నెండు గంటల షిఫ్టులు నాలుగు చేస్తే రెండు వారాల కోటా అయిపోతుంది. పూర్తి సీజన్ ఉద్యోగానికి ఒప్పుకుని ఇరుక్కోకండి. పార్ట్‌టైమ్ ల్యాబ్ పనో, సెలవులవరకే పనో అడగండి. గంటలు మించితే పోయేది వీసాయే.

విజిట్ వీసా మీద ఈ పని చేయకూడదు. జీతం లేకుండా, తిండికీ బసకూ చేసినా పనే అవుతుంది.

## 3. పని వెతకడం: వేసవికి కాదు, అక్కడి చలికాలంలోనే

ఫిబ్రవరి పనికి జూన్ నుంచి అక్టోబరు లోపు దరఖాస్తులు వెళ్లాలి. జనవరిలో మిగిలేవి ఎవరో మానేసిన ఖాళీలే.

ప్రకటనల్లో వెతకాల్సిన పేర్లు: ‘వింటేజ్ క్యాజువల్’ (గంటల లెక్కన తాత్కాలిక పని), ‘వింటేజ్ సెల్లార్ హ్యాండ్’, ‘వింటేజ్ ల్యాబ్ టెక్నీషియన్’, ‘వేబ్రిడ్జ్ ఆపరేటర్’ (లారీలు తూచే పని). సీక్ అనే ఉద్యోగాల సైట్, వైన్‌టైటిల్స్ ఉద్యోగాల పేజీ, వైనరీల సొంత సైట్లు చూడండి. తోటపనికి ప్రభుత్వం నడిపే హార్వెస్ట్ ట్రైల్ ఉంది.

సైన్స్ చదివినవాళ్లు, ముఖ్యంగా కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ వాళ్లు ముందు ల్యాబ్‌కు ప్రయత్నించండి. టైట్రేషన్, పీహెచ్ మీటరు చేత్తో పట్టినవాళ్లకు అక్కడ గిరాకీ ఉంది. పాల డైరీ, కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీ, ఫార్మా ప్లాంటులో పనిచేసినవాళ్లు ఆ సంగతి రెజ్యూమె మొదటి పేజీలోనే పెట్టాలి. పంపులు, పైపులు, రసాయనాలతో శుభ్రపరచడం, బ్యాచ్ రికార్డులు, షిఫ్టు పని అన్నీ సెల్లార్‌కు నేరుగా పనికొచ్చేవే. రెజ్యూమె రెండు పేజీలు దాటకూడదు. ఫోటో, తండ్రి పేరు, మతం, పెళ్లి వివరాలు తీసేయండి. వీసా రకం, అది ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనికి ఉంటారు అనేవి పైనే రాయండి. చాలామంది ఈ తేదీలు రాయరు, వాళ్ల రెజ్యూమెలు పక్కకు పోతాయి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి:

- గంటకు ఎంత, క్యాజువలా, ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారు
- షిఫ్టు ఎన్ని గంటలు, రాత్రి షిఫ్టు ఎన్ని వారాలు
- రోస్టర్ ఎన్ని రోజుల ముందు చేతికి వస్తుంది
- బస ఇస్తారా, ఎంత దూరం, అద్దె జీతంలోంచి కోస్తారా
- బూట్లు, రక్షణ సామగ్రి ఎవరు ఇస్తారు

## 4. జీతం, పన్ను, పెన్షన్

వైన్ పరిశ్రమకు విడిగా ‘వైన్ ఇండస్ట్రీ అవార్డ్ 2020’ అనే వేతన నిబంధనల పత్రం ఉంది. కనీస వేతనాలు, ఓవర్‌టైమ్, విరామాలు అందులో ఉంటాయి. కార్మికుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ సైట్‌లోని పే కాలిక్యులేటర్‌లో మీ పని, షిఫ్టు వివరాలు ఇస్తే రావాల్సిన మొత్తం చూపిస్తుంది. 2025 జులై 1 నుంచి పెద్దవాళ్లకు జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. క్యాజువల్ అయితే 25 శాతం కలిపి 31.19. అంతకంటే తక్కువ అంటున్నారంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

దిగిన వారంలోనే చేయాల్సినవి ఈ వరుసలో:

1. బ్యాంకు ఖాతా తెరవండి.
2. ట్యాక్స్ ఫైల్ నంబరుకు ఏటీఓ (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) సైట్‌లో దరఖాస్తు పెట్టండి. ఉచితం. ఏజెంటు అక్కర్లేదు.
3. 462 వీసా అయితే ఆ సంగతి యజమానికి చెప్పండి. ఏటీఓ దగ్గర నమోదైన యజమాని 45,000 డాలర్ల వరకు మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను కోస్తాడు.
4. సూపర్‌యాన్యుయేషన్ ఫండ్ (వాడుకలో ‘సూపర్’, అంటే పెన్షన్ నిధి) ఎంచుకోండి. 2025 జులై నుంచి యజమాని జీతం మీద 12 శాతం అందులో వేయాలి. ఇది మీ జీతానికి అదనం.

సెల్లార్‌లో గంటల లెక్కన చేసే పనికి ‘ఏబీఎన్ (వ్యాపార నంబరు) తీసుకో, కాంట్రాక్టరుగా రాసుకుందాం’ అన్నారంటే జాగ్రత్త. ఆ మాటతో ఓవర్‌టైమ్, సూపర్, గాయాల బీమా మీ చేయి జారిపోతాయి.

భారతీయులకు మెడికేర్ వర్తించదు. పనిలో తగిలిన గాయానికి రాష్ట్రపు కార్మిక బీమా ఉంటుంది కానీ జ్వరానికీ, సైకిలు మీంచి పడితేనూ ఉండదు. ఆరోగ్య బీమా తీసుకునే బయల్దేరండి.

## 5. సర్దుకోవాల్సినవి

- ఉక్కు ముక్కు ఉన్న, నీళ్లు దూరని గమ్‌బూట్లు. వైనరీ ఇవ్వకపోతే అక్కడే కొనండి, కాలికి తొడిగి చూశాకే.
- ఉన్ని సాక్సులు కనీసం ఆరు జతలు. తడి కాళ్లతో పన్నెండు గంటలు నిలబడితే పాదాలు పాడవుతాయి.
- వైన్ మరక పడినా బాధపడని ముదురు రంగు బట్టలు. మార్చి పగలు మండిపోతుంది, ఏప్రిల్ రాత్రి వణికిస్తుంది. రెండింటికీ పెట్టుకోండి.
- తలకు కట్టుకునే టార్చి. ట్యాంకు లోపల చూడాలన్నా, రాత్రి నడవాలన్నా అదే దిక్కు.
- చిన్న నోట్‌బుక్, నీటికి చెరగని పెన్ను.
- ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్న కాగితం.
- ఇక్కడి ఆర్టీఓ దగ్గర తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అసలు లైసెన్సు.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్తే విమానంలో ఇచ్చే కార్డులో తప్పకుండా ప్రకటించండి. ప్రకటించిన వస్తువు మహా అయితే పారేస్తారు. దాచింది దొరికితే జరిమానా, కొన్నిసార్లు వీసా రద్దు. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పాలతో చేసిన మిఠాయిలు అసలు వద్దు.

## 6. సెల్లార్‌లో పని నడిచే తీరు

లారీ వేబ్రిడ్జ్ మీద తూగుతుంది, ద్రాక్ష తొట్టిలో పడుతుంది, కాడలు వేరవుతాయి, గింజ చిట్లుతుంది. తెల్ల వైన్‌కైతే వెంటనే ప్రెస్ చేసి రసం మాత్రమే పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కలతో సహా పులియబెట్టి, రంగు దిగాక ప్రెస్ చేస్తారు. బరోస్సా అంటే ప్రధానంగా షిరాజ్ అనే నల్ల ద్రాక్ష, అంటే మీకు ఎక్కువగా తగిలేది ఎర్ర వైన్ పనే. ఆ తర్వాత ట్యాంకుకు, అక్కణ్ణుంచి బారెల్‌కు. బారెళ్లలో 225, 300, 500 లీటర్లవి కనిపిస్తాయి.

ప్రతి పనికీ ‘వర్క్ ఆర్డర్’ అనే కాగితం ఉంటుంది. ఏ ట్యాంకు నుంచి ఏ ట్యాంకుకు, ఎన్ని లీటర్లు, ఏం కలపాలి అన్నీ అందులోనే. కాగితం లేకుండా నోటిమాట మీద వాల్వు తిప్పకండి. చెప్పింది సూపర్‌వైజరే అయినా ‘రాసివ్వండి’ అనడం అక్కడ మర్యాద తక్కువ కాదు.

## 7. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు వైన్ మార్చడం

సీజన్‌లో ఎన్నోసార్లు చేయాల్సిన పని ఇది. వరుస తప్పితే నష్టం లీటర్లలో కాదు, వేల లీటర్లలో ఉంటుంది.

1. వర్క్ ఆర్డర్ పైకి చదవండి. రెండు ట్యాంకుల దగ్గరకూ వెళ్లి నంబరు మీద చేయి పెట్టి సరిచూసుకోండి.
2. వైన్ వెళ్లే ట్యాంకులో టార్చి వేసి చూడండి, బయటినుంచే వాసన చూడండి. తలుపు, కింది వాల్వు, శాంపిల్ కుళాయి మూసి ఉన్నాయా చూడండి. తెరిచి ఉన్న శాంపిల్ కుళాయి అందరూ మరిచిపోయేది.
3. వైన్ ఉన్న ట్యాంకు పైమూత తెరవండి. మూత బిగించి ఉండగా పంపు లాగితే లోపల శూన్యం ఏర్పడి స్టీలు ట్యాంకే లోపలికి నలిగిపోతుంది. వైన్ నింపే ట్యాంకుకు కూడా గాలి పోయే దారి ఉండాలి.
4. గొట్టం వీలైనంత తక్కువ పొడవులో, మడతలు లేకుండా పరవండి. ప్రతి కలయికలో రబ్బరు వాషరు ఉందో లేదో వేలితో తడిమి చూడండి.
5. నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పూర్తిగా కార్చేయండి. 50 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకు సుమారు రెండు లీటర్లు పట్టుకుంటుంది. ఇరవై మీటర్లలో మిగిలిపోయిన నలభై లీటర్ల నీళ్లు వైన్‌లో కలిస్తే వైన్‌మేకర్ ఊరుకోడు.
6. వాల్వులు తెరవండి. దారి పొడుగునా నడిచి చూసి, చివరగా పంపు వేయండి. తక్కువ వేగంతో మొదలుపెట్టండి.
7. పంపు నడుస్తున్నంతసేపూ పక్కనే ఉండండి.
8. ఆపేటప్పుడు ముందు పంపు, తర్వాత వాల్వులు. తోసే రకం పంపును ముందు మూసిన వాల్వుకు ఎదురు నడిపితే గొట్టం ఊడి మనిషిని కొడుతుంది.
9. రెండు ట్యాంకుల్లో మట్టం కొలిచి, రాసి, సంతకం పెట్టండి. లెక్క తేడా వస్తే అప్పుడే చెప్పండి. తెల్లారేసరికి అది పదిమంది సమస్య అవుతుంది.

## 8. పంప్ ఓవర్, రీడింగులు

ఎర్ర వైన్ పులుస్తుంటే తొక్కలు గ్యాసుతో పైకి తేలి గట్టి పొరగా కడతాయి. దీన్ని ‘క్యాప్’ అంటారు. కింది రసాన్ని పంపుతో పైకి తోడి ఆ పొరంతా తడపడమే పంప్ ఓవర్. అలా తడపకపోతే క్యాప్ వేడెక్కుతుంది, వెనిగర్ బాక్టీరియా పడుతుంది, రంగు దిగదు. ట్యాంకులో పైకి లేచే క్యాప్‌కు చోటుండాలి కాబట్టి దాన్ని ద్రాక్షతో సుమారు 80 శాతానికి మించి నింపరు.

రసం ఒకేచోట పోస్తే అక్కడ గుంట పడి మిగతాది ఎండిపోతుంది. గొట్టం చివర తిప్పుతూ ఉండాలి, అంచుల్ని వదలకూడదు. రసం రావడం తగ్గితే గింజలు, తొక్కలు వాల్వుకు అడ్డుపడ్డాయని అర్థం. పంపు వేగం పెంచడం తప్పు. ఆపి, అడ్డు తీసి, మళ్లీ మొదలుపెట్టాలి.

రోజుకు రెండుసార్లు చక్కెర, ఉష్ణోగ్రత రాయాలి. ఆస్ట్రేలియాలో చక్కెరను ఎక్కువగా ‘బోమే’లో కొలుస్తారు. ఒక బోమే సుమారు 1.8 బ్రిక్స్ (చక్కెరకు ఇంకో కొలత). పులిశాక వచ్చే ఆల్కహాల్ శాతం మొదట ఉన్న బోమేకు దగ్గరగా ఉంటుంది. 13.5 బోమే ద్రాక్ష ఇంచుమించు 13.5 శాతం వైన్ అవుతుంది.

సరైన రీడింగ్ ఇలా తీయాలి:

- కుళాయి నుంచి మొదట వచ్చిన కొంత రసం పారబోసి, తర్వాతది పట్టుకోండి.
- పాత్రలో గిలకొట్టి గ్యాసు వదిలించండి. బుడగలు హైడ్రోమీటరుకు (రసంలో తేలుతూ చక్కెర చూపే గాజు సాధనం) అంటుకుంటే రీడింగ్ తప్పుతుంది.
- హైడ్రోమీటరును మెల్లిగా తిప్పి వదిలి, కన్ను ద్రవం మట్టానికి దించి చదవండి.
- హైడ్రోమీటరు చాలావరకు 20 డిగ్రీల సెల్సియస్‌కు తయారైంది. రసం 28 డిగ్రీలుంటే దిద్దుబాటు పట్టిక చూడాలి.

ఎర్ర వైన్ 20 నుంచి 30 డిగ్రీల మధ్య, తెల్లది 12 నుంచి 16 డిగ్రీల మధ్య పులియడం మామూలు. నిన్నటికీ ఇవాళ్టికీ బోమే కదలకపోయినా, కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చినా షిఫ్టు ముగిసేదాకా ఆగకండి. ఆ వాసనకు మామూలు కారణం ఈస్టుకు పోషకం చాలకపోవడం. అదే రోజు చెబితే సరిదిద్దుకోవచ్చు.

## 9. కడగడం: రసాయనాల వరుస

మొదట నీళ్లు, తర్వాత కాస్టిక్ సోడా, మళ్లీ నీళ్లు, తర్వాత సిట్రిక్ యాసిడ్, మళ్లీ నీళ్లు. కాస్టిక్ గోడకు పట్టిన టార్టరేట్ పొరను, రంగును కరిగిస్తుంది. సిట్రిక్ మిగిలిన క్షారాన్ని విరుస్తుంది. ఎంత గాఢత అన్నది వైనరీ పట్టికే చెప్పాలి. 2 శాతం అంటే 200 లీటర్ల నీటికి 4 కిలోలు.

- నీళ్లలో కాస్టిక్ వేయాలి, కొద్దికొద్దిగా. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.
- మొహమంతా కప్పే షీల్డు, మోచేయి దాకా గ్లవుజులు, ఏప్రాన్. కళ్లజోడు ఒక్కటే చాలదు.
- కడిగిన నీటికి పీహెచ్ కాగితం పెట్టి చూశాకే తర్వాతి మెట్టు.
- క్లోరిన్, బ్లీచ్ వైనరీలోకి తేకండి. చెక్క, కార్కుల దగ్గర దాని వల్ల పుట్టే బూజువాసన ఇక పోదు.

సల్ఫర్ డయాక్సైడ్ కోసం పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి వాడతారు. బరువులో సుమారు 57 శాతం సల్ఫర్ డయాక్సైడ్. 10,000 లీటర్లకు 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) కావాలంటే 500 గ్రాములను 0.57తో భాగించాలి, సుమారు 880 గ్రాములు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ట్యాంకు పాడైనట్టే. ఎంత అనుభవం ఉన్నా లెక్క ఇంకొకరికి చూపించండి. పొడి డబ్బా మీద మొహం పెట్టకండి. యాసిడ్‌తో కలిసిందంటే ఘాటైన గ్యాసు ఒక్కసారిగా లేస్తుంది.

## 10. ప్రాణం తీసేది ఏది

లీటరు రసం పులిస్తే సుమారు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు. ట్యాంకు లోపల, కాలువల్లో, తలుపులు మూసిన బారెల్ గదుల్లో అడుగున నిలుస్తుంది. రంగు ఉండదు. ఒకటి రెండు శ్వాసల్లో మనిషి కూలిపోవచ్చు.

ట్యాంకులో పడిపోయిన వ్యక్తిని కాపాడబోయి రెండోవాడు కూడా లోపలికి దిగి చనిపోవడం ఈ పరిశ్రమలో పదే పదే జరిగింది. ఎవరైనా పడిపోతే లోపలికి దిగకండి, తల కూడా పెట్టకండి. అరవండి, అత్యవసర నంబరు 000కు ఫోను చేయండి, గాలి తోసే ఫ్యాను వేయించండి.

ట్యాంకులోకి దిగాలంటే ఇవన్నీ ఉండాలి: శిక్షణ, రాతపూర్వక అనుమతి, గ్యాసు మీటరు రీడింగ్, బయట మీ మీదే కన్నేసి ఉంచే మనిషి. ఒక్కటి లేకపోయినా ‘దిగను’ అనండి. చట్టం మీవైపు ఉంది.

ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి ఆస్ట్రేలియా హై రిస్క్ వర్క్ లైసెన్సు కావాలి. ఇక్కడి సర్టిఫికెట్ చెల్లదు. ‘రెండు నిమిషాలేగా, అటు జరుపు’ అన్నా ఎక్కకండి.

## 11. సెలవు రోజు: ఎంత సమయానికి ఎంత దూరం

రాత్రి షిఫ్టు దిగి నేరుగా స్టీరింగ్ పట్టకండి. ముందు నిద్ర, ఆ తర్వాతే ఊరు. ఆరు రోజులు వరసగా చేసినవాళ్లకు ఉన్న ఒక్క రోజులో సగం నిద్రకే పోతుంది. దాన్ని ఒప్పుకుని ప్లాన్ వేసుకుంటే తిరుగుడు బాగుంటుంది.

సగం రోజు ఉంటే: శనివారం పొద్దున్న ఆంగస్టన్ దగ్గర బరోస్సా ఫార్మర్స్ మార్కెట్. పదకొండున్నరకల్లా సర్దేస్తారు, ఆలస్యం చేయకండి. మెంగ్లర్ హిల్ మీంచి లోయంతా కనిపిస్తుంది. విలియమ్స్‌టౌన్ దగ్గర బరోస్సా రిజర్వాయరు కట్ట ఒక కొస దగ్గర గుసగుసగా మాట్లాడితే వందకు పైగా మీటర్ల దూరంలో రెండో కొస దగ్గర వినిపిస్తుంది. ఇద్దరుగా వెళ్లండి. టనుండా, నురియూట్పా, ఆంగస్టన్‌లను కలుపుతూ సైకిల్ బాట ఉంది.

పూర్తి రోజు ఉంటే: అడిలైడ్. గాలర్ దాకా చేరుకుంటే అక్కణ్ణుంచి నగరానికి రైలు. బరోస్సా ఊళ్లనుంచి గాలర్‌కు బస్సులు తక్కువ. తిరుగు బస్సు సమయం చూడకుండా బయల్దేరకండి. సెంట్రల్ మార్కెట్ ఆది, సోమవారాలు మూసి ఉంటుంది. మీ సెలవు ఆ రోజే వస్తే ట్రామ్ ఎక్కి గ్లెనెల్గ్ సముద్రతీరానికి పొండి. కారుంటే మన్నమ్ వెళ్లి మర్రీ నది చూడవచ్చు. అక్కడ కార్లను నది దాటించే ప్రభుత్వ ఫెర్రీ ఉచితం. క్లేర్ లోయలో ఆబర్న్ నుంచి క్లేర్ దాకా పాత రైలుదారి మీద వేసిన రీస్లింగ్ ట్రయిల్ సుమారు 25 కిలోమీటర్లు, సైకిలుకు సులువైన దారి.

రెండు రోజులు కలిస్తే: విక్టర్ హార్బర్, ఫ్లూరియో ద్వీపకల్పం. కంగారూ ద్వీపానికి కేప్ జెర్విస్ నుంచి ఫెర్రీ 45 నిమిషాలే అయినా బరోస్సా నుంచి రేవుకే రెండున్నర గంటలకు పైన పడుతుంది. ద్వీపం కూడా పెద్దది. రెండు రాత్రులు లేకపోతే సీజన్ అయ్యాకే పెట్టుకోండి.

సీజన్ ముగిశాక: ఫ్లిండర్స్ పర్వతాలు. విల్‌పెనా పౌండ్ అడిలైడ్ నుంచి 400 కిలోమీటర్లకు పైనే. ఏప్రిల్ చివర, మే నెలల్లో అక్కడ ఎండ తగ్గి నడవడానికి హాయిగా ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక్క రోజు సెలవుకి అటు పరుగెత్తడం తప్పు.

## 12. రోడ్డు మీద

ఎడమవైపే నడపాలి, అది మనకు అలవాటే. అలవాటు లేనివి కంగారూలు, ఖాళీ రోడ్లు, కచ్చితమైన వేగపరిమితి. తెల్లవారుజామున, చీకటి పడేవేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. ఎదురొస్తే నేరుగా బ్రేకు వేయండి. స్టీరింగ్ పక్కకు తిప్పితే కారు బోల్తా పడుతుంది, ప్రాణాలు ఎక్కువగా పోయేది అక్కడే. అద్దె కారు తీసుకునేటప్పుడు మట్టిరోడ్లకు, ఊరి బయట రాత్రిపూట నడపడానికి బీమా ఉందో లేదో చదవండి. 25 ఏళ్ల లోపువాళ్లకు అదనపు రుసుము ఉంటుంది.

పూర్తి లైసెన్సుకు రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05. రుచికి పోసే 30 మిల్లీలీటర్ల షిరాజ్ 14.5 శాతం అయితే అందులో దాదాపు 3.4 గ్రాముల ఆల్కహాల్. ఐదు రుచులు మింగితే 17 గ్రాములు. అక్కడి లెక్కలో ఒక ‘స్టాండర్డ్ డ్రింక్’ 10 గ్రాములే. నడిపే మనిషి ఉమ్మాలి, లేదా అసలు ముట్టకూడదు. ఉమ్మడానికి పాత్ర ప్రతి బల్ల మీదా ఉంటుంది, ఎవరూ తప్పుగా చూడరు.

పక్క రాష్ట్రం విక్టోరియా వైపు వెళ్లి వస్తుంటే సరిహద్దులో పండ్లు, కూరగాయలు పారేయాలి. పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా ఈ నిబంధన పెట్టింది, తనిఖీ కేంద్రాల్లో కారు తెరిచి చూస్తారు. తోటల్లో ఇంకో భయం ఫిలాక్సెరా అనే పురుగు. ద్రాక్ష వేళ్లను తినే ఈ పురుగు విక్టోరియాలో కొన్ని చోట్ల ఉంది, దక్షిణ ఆస్ట్రేలియాలో లేదు. ఫోటో కోసం కంచె దాటి తీగల మధ్యకు పోకండి. వేరే రాష్ట్రపు తోటలో తొడిగిన బూట్లతో బరోస్సా తోటలో అడుగుపెట్టకండి.

మంటల ప్రమాదం ఎక్కువగా ప్రకటించిన రోజుల్లో పార్కులు మూసేస్తారు. బయల్దేరేముందు దక్షిణ ఆస్ట్రేలియా సీఎఫ్ఎస్ (అగ్నిమాపక సేవ) హెచ్చరిక చూడండి.

## 13. సీజన్ చివర్లో

చివరి షిఫ్టుకు ముందే సూపర్‌వైజరును రిఫరెన్సు లెటర్ అడగండి. ఏయే యంత్రాలు నడిపారో, ఎన్ని టన్నుల వైనరీయో అందులో ఉండాలి. ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉంటుంది. ఆ పనులకు దరఖాస్తు చేసేవాళ్లకు ఈ కాగితమే పెట్టుబడి.

పన్ను ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. రిటర్ను అక్టోబరు 31 లోపు వేయాలి. ముందే దేశం విడిచి వెళ్తుంటే ముందే వేయవచ్చు. సూపర్ డబ్బు దేశం వదిలి, వీసా ముగిశాక ఏటీఓ ఆన్‌లైన్ ఫారంతో తీసుకోవచ్చు. 462 వీసావాళ్లకు అందులో 65 శాతం పన్ను కోస్తారు. మిగిలేది కొంచెమే అయినా మీ డబ్బే, వదిలేయకండి. బయల్దేరేముందు ఫండ్ సభ్యత్వ నంబరు, ట్యాక్స్ ఫైల్ నంబరు, ఆఖరి పేస్లిప్పు ఒకచోట దాచుకోండి. ఖాతాలో ఈమెయిల్‌ను వైనరీ ఇచ్చింది కాకుండా సొంతదానికి మార్చుకోండి. ఆస్ట్రేలియా సిమ్ ఆగిపోయాక ఓటీపీ రాక ఇరుక్కునేవాళ్లు చాలామంది. బ్యాంకు ఖాతాను ఆ డబ్బు జమయ్యేదాకా మూయకండి.